ఎస్తేరు టీచర్ తీయించిన టిక్కులు

మొన్న మా ఆఫీసుకి కొత్త కంప్యూటర్ వచ్చింది. రాంగోపాల్‌పేట్‌లో ఇనుప సామాన్ల దుకాణాల మీది అంతస్తులో మా ఆఫీసు. వీడియోల్లో మాట్లాడే మాటలు విని, వాటిని తెర కింద అక్షరాలుగా ఎక్కించే పని మాది. టెక్నీషియన్ కంప్యూటర్‌ని పెట్టెలోంచి తీసి, బల్ల మీద పెట్టి మీట నొక్కాడు. తెర వెలిగిందో లేదో, పాటలు వినిపించే ప్లేయర్ ఒకటి తనంతట తానే తెరుచుకుని, గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు చిన్న రాగం మోగించింది. గదిలో ఎవరూ తలెత్తలేదు. నేను మాత్రం చేతిలోని టీ కప్పు కింద పెట్టేసి కుర్చీ వీపు పట్టుకున్నాను. "ఏమైంది మేడం?" అన్నాడతను. "ముందు ఆ ప్లేయర్ దానంతటది తెరుచుకోకుండా చెయ్యండి. మిగతావి తర్వాత" అన్నాను. ఇన్నేళ్లు గడిచాక, నా సొంత ఆఫీసులో, నా సొంత కుర్చీ పక్కన నిలబడి కూడా ఆ రాగానికి నా ఒళ్లు జలదరిస్తుంది. అది వినబడ్డప్పుడల్లా ఇద్దరు మనుషులు గుర్తొస్తారు. ఒకరు నేను భయపడిన మనిషి. రెండోవారు ఎస్తేరు టీచర్. రెండోవారి గురించి చెప్పాలంటే ముందు మొదటివాడి గురించి కొంచెం చెప్పక తప్పదు.

మాది విజయనగరం. మా అమ్మవారి పేరే నాకు పెట్టారు, పైడితల్లి అని. డిగ్రీ అయ్యాక టైపు నేర్చుకుని హయ్యర్ పాసయ్యాను. అవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే పెళ్లిచూపుల్లో ఇంకేమీ అడగని రోజులు. నాకు కుదిరిన మురళిది మా వైపు కుటుంబమే. మాదాపూర్‌లో పని, అల్వాల్‌లో అద్దె ఇల్లు, పెళ్లయ్యాక కొన్న స్కూటరు, దాని వెనకే కొన్న కంప్యూటరు. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు దిగి ఆటో ఎక్కామో లేదో, "ఇక్కడ ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. ఎవరైనా అడిగితే పల్లవి అని చెప్పు" అన్నాడు. ముద్దుగా అన్నాడనుకుని నవ్వాను కూడా.

అతను ఎప్పుడూ గొంతు పెంచేవాడు కాదు. వీధిలో అందరికీ మంచివాడు. ఎదురింటి ముసలాయనకి గ్యాస్ బండ మోసి పెట్టేవాడు. ఇంట్లోకి వచ్చాక మాత్రం బూట్లు విప్పకుండానే ముందు గదిలోకి వెళ్లి, మానిటర్ వెనక అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఆ రోజుల్లో మానిటర్లు టీవీలంత లావుగా ఉండి, వాడితే గంటలకొద్దీ వేడిగా ఉండేవి. "బోరు కొట్టకుండా పాటలు విను" అని అతనే అనుమతి ఇచ్చాడు. అన్నం తినేటప్పుడు మెల్లగా అడిగేవాడు: "ఇవాళ మూడో పాట సగంలో ఎందుకు ఆపేశావు పల్లవీ?" నా చేతిలో ముద్ద అలాగే ఆగిపోయేది. ఇంట్లో నేనొక్కదాన్నే. తలుపులు వేసి ఉన్నాయి. మూడో పాట సగంలో ఆపానని ఈ మనిషికి ఎవరు చెప్పారు? గోడలు చెప్పాయా? మధ్యాహ్నం అతను ఎప్పుడు ఫోన్ చేస్తాడో తెలియదు. చేస్తే మాత్రం మొదటి రెండు మోతల్లో ఎత్తాలి. ఒకసారి కూరలు కొనగా మిగిలిన చిల్లరతో బజారులో హాస్యనాటికల సీడీ ఒకటి కొని, విని, బియ్యం డబ్బాలో దాచాను. ఆ సాయంత్రం అతను కంప్యూటర్ ముందు కూర్చుని లేచి, నేరుగా నా దగ్గరికి వచ్చి ఆ సీడీ అడిగాడు. తెచ్చి ఇచ్చాను. ముక్కలు చేసి, నా కంచం చుట్టూ వరసగా పేర్చి, "తిను, చల్లారిపోతుంది" అన్నాడు. చెయ్యి చేసుకుని ఉంటే అమ్మకి చెప్పుకోవడానికి ఒక మాట దొరికేదేమో. ఇది ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. అతనికి అన్నీ తెలుస్తాయి అన్నది మాత్రం నాలో మేకులా దిగిపోయింది. ఆ తర్వాత ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు కూడా గట్టిగా నిట్టూర్చేదాన్ని కాదు.

ఆ ఇంటి యజమాని ఎస్తేరు టీచర్. కింది వాటాలో ఒక్కరే ఉండేవారు. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. సన్నగా, పొడుగ్గా, తెల్ల చీర, మెడలో గొలుసుకి వేలాడే కళ్లజోడు. సికింద్రాబాద్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. క్లాసులో అచ్చమైన ఇంగ్లీషు, ఇంట్లో అచ్చమైన సికింద్రాబాద్ తెలుగు. పిల్లలకి ఇంగ్లీషు వినడం రావాలని పాఠాలు తన గొంతుతో రికార్డు చేసి పాత స్కూలుకి సీడీలుగా ఇచ్చేవారు. అందుకోసం ఒక కంప్యూటర్ కొనుక్కున్నారు. దాన్ని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కొత్త పాఠ్యపుస్తకం వచ్చినట్టు మొదటి మెనూ నుంచి చివరి మెనూ దాకా ప్రతి వాక్యమూ చదివారట.

మెట్ల దగ్గర మొక్కలకి నీళ్లు పోస్తూ ఒకరోజు నన్ను ఆపారు.

"నీ పేరేందమ్మా?"

"పల్లవండి."

"మీ ఆయన ఆ పేరుతో పిలుస్తుంటే సగం సార్లు నువ్వు పలకవు. అసలు పేరేంది?"

చెప్పాను. "పైడి. మంచిగుంది. బంగారమే గదా" అన్నారు. ఎన్నో నెలల తర్వాత నా పేరు ఇంకొకరి నోట విని, నీళ్ల పంపు దగ్గర నిలబడి ఏడ్చేశాను. ఆవిడ పైపు తిప్పి ఇంకో కుండీకి నీళ్లు పెట్టారు. సరిగ్గా అప్పుడే సందు మలుపులో స్కూటర్ చప్పుడైంది. చెబుతున్న మాట సగంలో వదిలేసి మెట్లెక్కి పరిగెత్తాను. మర్నాడు ఆవిడ ఒక్కటే అన్నారు: "నా క్లాసులో ఎందరో పిల్లల్ని చూసిన. బెల్లు కొడితే ఉరికేది వేరు, బెత్తం చూసి ఉరికేది వేరు."

నాకు టైపు వచ్చని తెలిసి, తన పాఠాలు టైపు చేసి పెట్టమన్నారు. మురళికి ఇది గౌరవంగానే తోచింది, ఒప్పుకున్నాడు. పొద్దున అతను వెళ్లాక, మొదటి ఫోన్ వచ్చి పోయాక కొంతసేపు కిందికి దిగేదాన్ని. నా వేళ్ల వేగం చూసి టీచర్ కళ్లజోడు తీసి మరీ చూశారు. ఆవిడ పాత విద్యార్థిని ఒకామె రాంగోపాల్‌పేట్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ సెంటర్ పెట్టింది. విదేశీ డాక్టర్లు మాట్లాడి పంపిన రికార్డులు విని టైపు చేసే పని. ఆ రోజుల్లో నగరమంతా ఆ బోర్డులే. "చెవి పట్టుబడితే నీకు అక్కడ ఉద్యోగం వస్తది. నేను సీడీలు తెప్పిస్త, సాధన చెయ్" అన్నారు.

కుదరదన్నాను. సాధన ఇక్కడ చెయ్యలేను, పైన ఫోన్ మోగుతుంది. పైన చేస్తే అతనికి తెలిసిపోతుంది.

"ఎట్ల తెలుస్తది?"

"తెలిసిపోద్దండి. ఏ పాట ఇన్నానో, ఎక్కడ ఆపానో అన్నీ తెలుసండి ఆయనకి. ఏటి చేసినా తెలిసిపోద్ది."

 టీచర్ కుర్చీ తన కంప్యూటర్ వైపు తిప్పి, ప్లేయర్ తెరిచి, పైన ఒక మూల నొక్కారు. చిన్న పట్టీ ఒకటి కిందికి జారింది. ఆవిడ వారమంతా విన్న పాఠాలన్నీ పేర్లతో సహా అందులో ఉన్నాయి. ఇంకోచోట నొక్కితే ఏది ఎన్నిసార్లు విన్నారో, చివరిసారి ఎప్పుడు విన్నారో ఉంది. ఒకదాని వేళకీ తర్వాతిదాని వేళకీ తేడా చూస్తే ఏది సగంలో ఆపారో కూడా తెలిసిపోతుంది. 

"ఇదా?" అన్నాను. "ఆయనకి చెప్పేది ఇదాండీ?"

"ఇదే. మనం అడగకున్నా లెక్కలు రాసిపెడ్తది. మీ ఆయన దేవుడు కాదు పైడీ. గీ పట్టీ చదువుతున్నడు, అంతే."

ఆ మాటకి ఉపశమనం కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. మొదట కలిగింది ఇంకా పెద్ద భయం. అన్నాళ్లూ ఏదో శక్తికి భయపడ్డాను. ఇప్పుడు తెలిసింది, ఒక మనిషి రోజూ ఇంటికొచ్చి, ఓపికగా కూర్చుని, తన భార్య ఏ పాట ఎక్కడ ఆపిందో వెతుకుతున్నాడని. శక్తితో కాపురం చెయ్యవచ్చు. అలాంటి మనిషితో ఎలా చెయ్యాలి?

టీచర్ అక్కడే సెట్టింగుల్లోకి తీసుకెళ్లారు. వాక్యం వాక్యం నాతో చదివించారు, అర్థం చెప్పించారు. విన్నవి గుర్తుపెట్టుకో అన్న దగ్గర ఒక టిక్కు. డిస్కులో ఉన్న పాటలన్నీ నీ జాబితాలో చేర్చుకో అన్న దగ్గర ఒకటి. సీడీ పెట్టగానే మోగించు అన్న దగ్గర ఒకటి. ఇవేవీ మనం పెట్టినవి కావు, తయారుచేసినవాళ్లే పెట్టి పంపినవి. "ఒక్కటి మార్చు. మూసెయ్. మళ్ల తెరిచి చూడు. అప్పుడే ఇంకోదాని జోలికి పో" అనేవారు. నేను గబగబా అన్నీ తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "అన్నీ ఖాళీగుంటే అది సుత సాక్ష్యమే. పొద్దుగాల నాలుగు పాటలు విను, అవి ఉండనీ. సాధన చేసేముందు టిక్కు తియ్యి, అయిపోయినంక మళ్ల పెట్టు."

అలా మొదలైంది. పొద్దున పాటలు. తర్వాత టిక్కు తీయడం, సీడీ పెట్టడం, హెడ్‌ఫోన్స్‌లో ఎవరో డాక్టర్ ముక్కుతో మాట్లాడే ఇంగ్లీషు. నా చూపు తెర మీద, చెవి ఒకటి డాక్టర్ మీద, రెండోది ఫోన్ మీద. టైపు చేసినదాన్ని సేవ్ చెయ్యకుండా మూసేసేదాన్ని. అయిపోగానే టిక్కు పెట్టి, టేబుల్ ఫ్యాన్ తెచ్చి మానిటర్ వెనకవైపు తిప్పేదాన్ని. టిక్కు పెట్టానా లేదా అని వంటింట్లోంచి ఎన్నిసార్లు వెనక్కి వెళ్లేదాన్నో. చెమటకి మౌసు జారేది. ఆ భయంలోనే డాక్టర్ మాటలు ఒక్కొక్కటీ విడిపోయి వినబడసాగాయి. మొదట గాలివానలా ఉన్నది, తర్వాత వాక్యాలైంది.

కొన్నాళ్లకి టీచర్ కొత్తరకం సీడీ ఒకటి ఇచ్చారు. పాటల క్యాసెట్ కంపెనీల సీడీల్లాంటిది, ట్రాకులుగా ఉంటుంది. మధ్యాహ్నం అది పెట్టాను. పెట్టగానే మోగించు అన్న టిక్కు అప్పుడే తీశాను కాబట్టి అది మోగలేదు. కానీ ప్లేయర్ తెరిచి మొదటి ట్రాకు నొక్కేసరికి బల్ల కింద మోడెం ఒక్కసారిగా కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆ సీడీ పేరేమిటో, పాడిందెవరో తెలుసుకొస్తానని ప్లేయర్ నన్ను అడక్కుండా ఇంటర్నెట్‌కి ఫోన్ చేస్తోంది. ఇంటర్నెట్ కలిస్తే ఫోన్ లైను ఖాళీగా ఉండదు. ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే కలిసిపోయింది. ఎలా ఆపాలో తెలియక, గోడలోంచి వైరు పీకేశాను. వెంటనే మళ్లీ పెట్టాను. ఫోన్ ఎత్తి చూస్తే మామూలు డయల్ టోన్. అతను ఈ మధ్యలో చేశాడా, లేదా?

చేశాడు. విన్నవి గుర్తుపెట్టుకునే టిక్కు మళ్లీ పెట్టి, కంప్యూటర్ ఆపి ఫ్యాన్ తిప్పుతూ కూర్చున్నాను. రాకూడని వేళలో సందు మలుపులో స్కూటర్ చప్పుడైంది. మాదాపూర్ నుంచి అల్వాల్ దాకా మిట్టమధ్యాహ్నం వచ్చాడు. మెట్ల కింద అతని గొంతు, టీచర్ గొంతు వినబడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది, సీడీ కంప్యూటర్ పెట్టెలోనే ఉండిపోయింది.

తలుపు తీశాను. నవ్వుతున్నాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు.

"ఎవరితోనూ నేదండి."

"లైన్ ఎంగేజ్ వచ్చింది."

అతను ముందు గదిలోకి వెళ్లి మానిటర్ వెనక చెయ్యి పెట్టాడు. కుర్చీ లాక్కుని మీట నొక్కాడు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. సీడీ లోపల ఉంది. అది మోగకుండా ఉండడానికి తీసిన టిక్కు ఆ రోజే తీసింది. ఒకటి మార్చాను కానీ, కంప్యూటర్ ఆపి మళ్లీ తెరిచి చూడలేదు. తెర వెలిగింది. పెట్టెలో సీడీ గిర్రున తిరగడం నాకు వినబడింది. ఇంకో క్షణంలో ముక్కుతో మాట్లాడే ఆ డాక్టర్ గొంతు గదంతా నిండుతుందని కళ్లు మూసుకున్నాను. నిండలేదు. సీడీ తిరిగి తిరిగి నెమ్మదించింది. అతను ప్లేయర్ తెరవగానే గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు ఆ చిన్న రాగం మోగింది. పట్టీ దించాడు. పొద్దున విన్న నాలుగు పాటలు. వాటినే చాలాసేపు చూశాడు. తర్వాత అతని చూపు మెల్లగా పెట్టె ముందున్న సీడీ అర మీదికి జరిగింది. వేలు చాపాడు.

"మురళీ, జెర లోపలికి రావొచ్చా బాబూ?"

గుమ్మం బయట టీచర్. మెట్లెక్కిన ఆయాసం. "నాకో తక్లీఫ్ వచ్చింది. సీడీ పెడ్తే చాలు, మా కంప్యూటర్ నన్నడగకుండనే ఇంటర్నెట్‌కు ఫోన్ కొడ్తుంది. లైనంతా బిజీ అయితుంది. మీకు సుత అట్లనే అయితుందా? అదెట్ల ఆపాల్నో నాకు తెల్వదు. నువ్వు తెలిసినోనివి గదా, ఒక్కసారి చూసిపెట్టు."

అతని వేలు గాల్లోనే ఆగింది. టీచర్ అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదని నాకు తర్వాత తెలిసింది. అలాంటిదే ఇంకో సీడీ ఆ పొద్దునే, నేను పైకి వెళ్లాక, ఆవిడ కంప్యూటర్‌లో కూడా అదే చేసిందట. నాకు చెప్పి హెచ్చరించేలోపే నేను పెట్టేశాను. మెట్ల దగ్గర అతను లైన్ ఎంగేజ్ అనగానే ఆవిడకి సంగతి అర్థమైందట. మురళి ముఖంలో లెక్క మారడం చూశాను. ఎంగేజ్‌కి ఒక కారణం దొరికింది. పైగా బయటివాళ్లు సాయం అడిగితే కాదనే అలవాటు అతనికి లేదు. "అది సింపుల్ ఆంటీ, ఆప్షన్స్‌లో ఉంటుంది" అని లేచి ఆవిడ వెంట దిగాడు. నేను సీడీ తీసి కొంగులో చుట్టుకున్నాను.  కింద అతను ఏ టిక్కు తీయాలో ఓపికగా టీచర్‌కి చూపించాడు. మర్నాడు టీచర్ అదే ఓపికతో నాకు చూపించారు. "మీ ఆయన మంచిగ చెప్తడు, టీచర్ కావాల్సినోడు" అన్నారు. ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆవిడ చేతులు చూశాను. అప్పటికీ సన్నగా వణుకుతున్నాయి.

"మీకూ భయమేసిందాండీ?" అన్నాను.

"మస్తు" అన్నారు. అప్పుడు చెప్పారు తన సంగతి. వాళ్ల నాన్న కంటోన్మెంట్‌లో గుమస్తా. రేడియో పెట్టెకి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకుని వెళ్లేవాడట. కూతురు ఉద్యోగం చేసి జీతం తెస్తున్నప్పుడు కూడా. ఎవరిని పెళ్లి చేసుకోవాలన్నది ఆయన తేల్చలేదు, ఆవిడని తేల్చుకోనివ్వలేదు. "ఆయన పోయినంక రేడియో తాళం తీసిన. అందరు నన్ను ధైర్యమున్న మనిషి అంటరు. నేను బయటికి రాలే పైడీ. ఆయన పోయిండు. అది వేరు, ఇది వేరు." ఆ తర్వాత అన్నారు: "నీకు దాక్కునుడు నేర్పిన. అది తలుపు దాంక తీస్కపోతది. తలుపు దాటుడు నాకు సుత రాదు. ఇద్దరం కలిసే నేర్చుకోవాలె."

సెంటర్‌లో పరీక్షకి నన్ను టీచరే వెంటబెట్టుకుని వెళ్లారు. ఫోన్ పైన మోగుతుందేమో అన్న ఆలోచన ఆటో శబ్దంలో కూడా వినబడుతూనే ఉంది. ఆ రోజు అతను చెయ్యలేదో, మేము వచ్చేశాక చేశాడో. పరీక్ష పాసయ్యాను. ఉద్యోగంలో చేరమన్నారు. ఇక దాచడానికి దారి లేదు. రోజూ ఇంట్లోంచి వెళ్లే మనిషి ఏ టిక్కు తీసి దాక్కుంటుంది?

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, చీర కూడా మార్చకుండా టీచర్ మెట్ల దగ్గరికి వచ్చారు. పగటిపూట, వీధిలో మనుషులుండగా చెప్పాలన్నది ఆవిడ నిర్ణయం. మూడు మెట్లెక్కి ఆగి, "భయంగ ఉందే" అన్నారు.

"అయితే వద్దులెండి టీచర్ గారూ."

"భయంగ ఉందన్న. వద్దు అన్ననా?"

మురళి పేపరు చదువుతున్నాడు. నేనే చెప్పాను. గొంతు గుసగుసలా వచ్చింది, అయినా చివరిదాకా చెప్పాను. ఉద్యోగం వచ్చింది, చేరుతున్నాను. అతను పేపరు మడతపెట్టి నవ్వాడు. "కంగ్రాట్స్. ఎన్నాళ్ల నుంచి జరుగుతోంది ఇది?"  అతను టీచర్ వైపు తిరిగాడు. "ఆంటీ, ఇది మా ఫ్యామిలీ మ్యాటర్. మీరు కిందికి వెళ్లండి." లేచి తలుపు దగ్గరికి నడిచాడు. ఆ తలుపు మూసుకుంటే ఏమవుతుందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. తెలియకుండా చేసింది ఎస్తేరు టీచర్. గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, సరిగ్గా గడప మీద వేసుకుని కూర్చున్నారు. ఒడిలో హ్యాండ్‌బ్యాగు. ఆవిడ వణుకుకి లోపలి తాళంచెవులు గలగలమంటున్నాయి.

"నేను గీడనే కూసుంట. తలుపు వెయ్యాలంటే నన్ను లేపాలె."

"ఆంటీ, ప్లీజ్."

"ఈ ఇల్లు నాది బాబూ. ఈ పిల్ల ఈ తలుపులకెల్లి పోవుడు నేను చూసినంకనే లేస్త."

అతను నా వైపు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగా. ముఖంలో నవ్వు అలాగే ఉంది. టీచర్ అరిచారు. అంత పెద్ద గొంతు ఆవిడలో ఉందని నేను అనుకోలేదు. అది క్లాసు గొంతు కాదు, పగిలిపోయిన గొంతు. "చెయ్యిడువ్! చెయ్యిడువ్ అంటున్న!" వీధిలో క్రికెట్ ఆగిపోయింది. ఎదురింటి ముసలాయన అరుగు మీదికి వచ్చి పైకి చూశాడు. తనకి గ్యాస్ బండ మోసిపెట్టే మంచి కుర్రాడి వైపు. మురళి వేళ్లు ఒక్కొక్కటిగా వదులయ్యాయి. నేను ఒక సూట్‌కేసు తీసుకుని, టీచర్ కుర్చీ పక్కనుంచి, ఆవిడ మోకాలికి రాసుకుంటూ బయటికి వచ్చాను. తలుపు దాటాక ధైర్యం వస్తుందనుకున్నాను. రాలేదు. మెట్లు దిగుతుంటే పళ్లు కొట్టుకుంటున్నాయి.

అతను వెంటనే ఇల్లు ఖాళీ చెయ్యలేదు. నేను కింద, అతను పైన. నా తల మీద అతని అడుగులు ముందు గదికి వెళ్లడం, ఆగడం, తిరిగి రావడం వినబడేవి.  టీచర్ తలుపు గడియ వేసి, వేసిందో లేదో లేచి మళ్లీ చూసేవారు. మా నాన్న విజయనగరం నుంచి వచ్చి, "సర్దుకోవాలమ్మా, ఆడు కొట్టనేదు కదా" అన్నాడు. టీచర్ ఆయనకి భోజనం పెట్టి, మానిటర్ వెనక చెయ్యి దగ్గర నుంచి సీడీ ముక్కల దాకా అన్నీ నా చేత చెప్పించారు. వింటూ వింటూ నాన్న అన్నం కలపడం మానేశాడు. వెళ్లేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టాడే కానీ, సర్దుకోమని మళ్లీ అనలేదు. కొన్నాళ్లకి మురళి మాదాపూర్ వైపు ఇల్లు చూసుకుని వెళ్లిపోయాడు. కోర్టులో విడిపోవడానికి చాలా కాలం పట్టింది. అక్కడ కూడా అందరితో మర్యాదగానే ఉన్నాడు.

ఆ కింది వాటాలోనే ఉంటూ నేను ఉద్యోగం చేశాను, పని నేర్చుకున్నాను, చివరికి సొంత ఆఫీసు పెట్టాను. ఆఫీసులో చేరే ఆడపిల్లలకి మొదటి రోజు టైపింగ్ పరీక్ష పెట్టను. ప్లేయర్ సెట్టింగులన్నీ తెరిపించి ప్రతి వాక్యమూ చదివిస్తాను. మనల్ని అడగకుండా అది ఏమేం రాసిపెడుతోందో, ఎవరికి ఏం పంపుతోందో చూపిస్తాను. చాలామంది విసుక్కుంటారు. అప్పుడప్పుడు ఒక పిల్ల మాత్రం ఆ పట్టీ చూసి మాట్లాడడం మానేస్తుంది. ఆ పిల్లని సాయంత్రం కాస్త ఉండమంటాను.

టీచర్‌కి గుండె ఆపరేషన్ అన్నప్పుడు తిరుమలగిరి ఆసుపత్రిలో నేనే ఉన్నాను. పొద్దున స్ట్రెచర్ వచ్చింది. కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టారు. ఆ జోడు లేని ముఖం నేనెప్పుడూ సరిగా చూడలేదు, చిన్నపిల్ల ముఖంలా ఉంది.

"పైడీ, భయమైతుంది."

"నాకూనండి" అన్నాను.

"మంచిది. ఇద్దరం ఉన్నం." స్ట్రెచర్ కదిలింది. తలుపుల దాకా పక్కన నడిచాను. ఆవిడ బతికి బయటికి వచ్చారు, ఇంకొన్నేళ్లు ఉన్నారు. చివరికి ఒక మధ్యాహ్నం తన మంచం మీదే, ఏ ఆర్భాటమూ లేకుండా వెళ్లిపోయారు.

నన్ను ఇప్పుడు ధైర్యవంతురాలు అంటారు. ఆవిడని అన్నట్టే. కాదని చెబుతాను. భయం నన్ను వదల్లేదు, వదులుతుందని ఎదురుచూడడం కూడా మానేశాను. ఎస్తేరు టీచర్ పోగొట్టింది భయాన్ని కాదు. నన్ను భయపెట్టేవాళ్లకి అన్నీ తెలుసు అన్న నమ్మకాన్ని. అది పోయాక, భయపడుతూనే చెయ్యగలిగిన పనులు ఎన్ని మిగిలాయో ఇంకా చేస్తూనే ఉన్నాను.